గాలి దూరని క్యాబిన్

స్టేషన్ ఘన్‌పూర్
2 సెప్టెంబర్ 2024

పెద్దబాపుకు రేణుక దండాలు.

ఇక మీదట నీకు ఉత్తరాలే రాస్తాను. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, మా వాడంతా బయటికొచ్చి నిలబడి వింటుంది. ముప్పై ఏండ్లు లారీ ఇంజిన్ పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు గానీ కండ్లు భద్రంగానే ఉన్నాయి కదా. వాట్సాప్ పెడదామంటే నీది బటన్ల ఫోన్. నీ కొడుకు అజయ్‌కు పంపి చూపించమందామంటే వాడు లారీ మీద ఏ రాష్ట్రంలో ఉంటాడో వాడికే తెలియదు.

సంగతేమిటంటే, నీ అల్లుడు సొంత బండి కొంటానంటున్నాడు. ఎనిమిదేండ్లుగా పరాయి బండి మీద మహబూబాబాద్ నుంచి ఢిల్లీకి మిర్చి తోలుతున్నాడు. ఆ బండిలో సరిగా పడుకునే చోటు లేదు. ఎండాకాలం చాసిస్ కింద టార్పాలిన్‌తో ఉయ్యాల కట్టుకుని టైర్ల మధ్య పడుకుంటాడు, వానాకాలం స్టీరింగ్ మీదే తల పెడతాడు. జులైలో నాగపూర్ దగ్గర కన్ను మూతపడి బండి డివైడర్‌ను రాసుకుంటూ పోయిందట. నాకు చెప్పలేదు. నర్సింహులపేట తండా శివాజీ లేడూ, ఎప్పుడూ తన లారీ వేసుకుని ఈయన వెనకాలే పోతాడు, అతను చెప్పాడు. "అక్కా, ఐలేశన్న దేవుని దయ వల్ల బతికిండు, నువ్వు జర గట్టిగ జెప్పు" అన్నాడు.

జనగామలో రెండు పాత బండ్లు చూశాం. ఒకటి బాడీ షెడ్డులో చెక్క క్యాబిన్ కట్టినది, సీటు వెనక బల్ల ఉంది. రెండోది కంపెనీ స్లీపర్ క్యాబిన్, లోపల పరుపు, ఏసీ. ఐలేశ్ "మీ పెద్దబాపు ఎట్లంటే గట్లనే" అంటున్నాడు. నువ్వే చెప్పు. నాకు బండి కాదు పెద్దబాపు, మనిషి కావాలి. ఆయన నిద్రపోయి మళ్లీ లేచి ఇంటికి రావాలి.

పెద్దమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? నీ మనవరాలు పూజ నీ పేరు చెప్పి ఇంట్లో హారన్ కొడుతోంది.

నీ బిడ్డ
రేణుక


భూపాలపల్లి
9 సెప్టెంబర్ 2024

బిడ్డా రేణుకా,

నీ ఉత్తరం అందింది. మీ పెద్దమ్మ సాలమ్మ నీ చేతిరాత చూసి మురిసిపోయింది. చదవడం రాకపోయినా కాగితాన్ని రెండువైపులా చూసింది.

బండి ఎంచడం గురించి అడిగావు కాబట్టి శ్రద్ధగా విను. రంగు చూసి మోసపోకు. చాసిస్ మీద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడమను. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయించాలి, వేడి చేసి పెట్టిన ఇంజిన్ ఎంత ముసలిదైనా పడుచుపిల్ల లాగే పలుకుతుంది. చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు లెక్క పెట్టమను, ఒకటి తీసి అమ్ముకునే మహానుభావులు ఉంటారు. ఇవన్నీ సరిగా ఉంటే ఇక క్యాబిన్ మాట.

చెక్క క్యాబిన్ తీసుకో. నేను బతుకంతా అందులోనే పడుకున్నాను. ఏదన్నా విరిగితే దారిలో ఏ వడ్ల మేస్త్రి అయినా మేకు కొట్టి ఇస్తాడు. కంపెనీ డబ్బాకు ఒక గొళ్లెం పోతే హైదరాబాద్ పోవాలి. పైగా చెక్కకు సందులు ఉంటాయి, లోపల మనిషికి కాస్త గాలి ఆడుతుంది. ఆ అద్దాల డబ్బాలో ఏసీ చెడిపోయిందంటే మనిషి ఉడికిపోతాడు.

అల్లుడికి నా మాటగా చెప్పు. నాలుగు గంటలు తోలి గంట పడుకోవాలి. నిద్రను అప్పు పెట్టినవాడెవడూ నిలబడలేదు.

మీ పెద్దబాపు
పౌలు


స్టేషన్ ఘన్‌పూర్
17 సెప్టెంబర్ 2024

పెద్దబాపుకు,

నువ్వు కోప్పడతావని తెలిసీ రాస్తున్నాను. కంపెనీ క్యాబిన్ బండే తీసుకున్నాం.

తీసుకున్నది ఐలేశ్ కాదు, నేను. చెక్క బండికే బయానా ఇవ్వబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. ముందు ఆ చెక్క క్యాబిన్ ఎక్కాను. బల్ల మీద చున్నీ పరిచి కొలిస్తే నీ అల్లుడికంటే జానెడు పొట్టిగా ఉంది. మోకాళ్లు ముడుచుకుని పడుకోవాలి. సందుల్లోంచి ఇంతకుముందు లోడు మిర్చి ఘాటు ఇంకా వస్తోంది. పూజ తుమ్మి తుమ్మి ఏడ్చింది. పెద్దబాపు, నువ్వు తోలింది బొగ్గు, ఆయన తోలేది మిర్చి. ఎనిమిదేండ్లుగా ఆ ఘాటు పీల్చి ఇంటికొచ్చినా దగ్గుతూనే ఉంటాడు. ఆ సందులు నీకు గాలి ఇచ్చాయేమో, ఆయనకు మిర్చి దుమ్మే ఇస్తాయి.

తర్వాత కంపెనీ బండి ఎక్కి పరుపు మీద పడుకున్నాను. కాళ్లు పూర్తిగా చాచినా ఇంకా చోటు మిగిలింది. తలుపు వేస్తే హైవే చప్పుడే లేదు. తలుపు చుట్టూ రబ్బరు, చీమ కూడా దూరదు. పూజ రెండు నిమిషాల్లో నిద్రపోయింది, యార్డు వాళ్లు నవ్వుతున్నా లేవలేదు. అది చూసి నా మనసు నిలబడింది.

నువ్వు చెప్పిన చాసిస్, ఇంజిన్, పట్టీలు అన్నీ చూపించాం. బాగున్నాయి.

రేణుక


భూపాలపల్లి
1 అక్టోబర్ 2024

రేణుకకు,

ఉత్తరం చూశాను. తాతకు దగ్గులు నేర్పినట్టుంది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు.

ముందే నిర్ణయించుకున్నదానివి నన్నెందుకు అడిగావు? లారీ అడ్డామీద నలుగురికీ చెప్పాను, మా బిడ్డ నన్ను అడిగే బండి కొంటోంది అని. ఇప్పుడు వాళ్లు చేతులతో సైగలు చేసి నవ్వుతున్నారు. చెవులు పోయినవాడికి తెలివి కూడా పోయిందని నువ్వూ అనుకుంటున్నావు కాబోలు.

అల్లుడు బాగుంటే అదే చాలు.

పౌలు


స్టేషన్ ఘన్‌పూర్
12 అక్టోబర్ 2024

పెద్దబాపూ, పెద్దబాపూ,

నీ తమ్ముడు, మా నాయిన పోయినప్పుడు నాకు ఆరేండ్లు. లారీలో పక్కన కూర్చోబెట్టుకుని పరకాల బడికి తీసుకుపోయింది నువ్వు. నిన్ను తెలివి లేనివాడని అనుకుంటానా? అనుకుంటే నా నోరు పడిపోవాలి. ఒక్క క్యాబిన్ విషయంలో నీ మాట వినలేదు, అంతే. పొద్దున్నుంచి ఏడుస్తున్నాను, కాగితం మీద చుక్కలు అవే.

నీ అల్లుడు నాలుగు ముక్కలు రాస్తానని కాగితం గుంజుకుంటున్నాడు.

మామా, నేను ఐలేశ్. మీరు పరేషాన్ గాకుండ్రి. బండి మంచిగుంది. రెండు ట్రిప్పులు కొట్టినం, పానం తేలికైంది, దగ్గు సుత తగ్గింది. ఒక్కటే భయముంది మామా. డిసెంబర్ల ఝాన్సీ దాటినంక చలి మస్తుంటది. ఇంజిన్ బంద్ జేస్తె హీటర్ బందయితది, ఇంజిన్ నడిపిస్తె డీజిల్ అంత గాలికి పోతది. మీ జమానల చలికి ఏం జేసేటోళ్లు? జర చెప్పుండ్రి.

చూశావా, నిన్ను అడగకుండా ఏదీ చేయడు. కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

రేణుక


భూపాలపల్లి
20 నవంబర్ 2024

బిడ్డా, అల్లుడా,

కోపం పోయి చాలా రోజులైంది. ఆలస్యం ఎందుకంటే, రాయడం కంటే చేయడం మంచిదని చేస్తూ కూర్చున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన శివాజీ చేతిలో ఒక బరువైన సంచి ఉంటుంది. బస్సులో దాన్ని మోసుకురావడానికి అతను నన్ను ఎంత తిట్టుకున్నాడో నాకు వినపడదు కాబట్టి బతికిపోయాడు.

అది సిగిడి. బొగ్గుల కుంపటి. పాత బ్రేక్ డ్రమ్ముకు కింద బెజ్జాలు వేసి, మూడు కాళ్లు వెల్డింగ్ చేయించాను. ఎంత కుదిపినా పడదు. చేతులు కాలకుండా పట్టుకోవడానికి ఇనుప కమ్మి పెట్టాను. అడుగున పెద్దమ్మ సిలువ గుర్తు గీయించింది. సంచిలో మన భూపాలపల్లి బొగ్గు కూడా ఉంది. మా బొగ్గు డ్రైవర్లం నాగపూర్ దాటితే అందరం ఇదే పెట్టుకునేవాళ్లం. ముప్పై చలికాలాలు నన్ను కాపాడింది ఇదే.

పద్ధతి విను. బొగ్గును బండి బయట రాజేయాలి. నల్లపొగ, తెల్లపొగ అంతా పోయేదాకా కదపొద్దు. ముద్దలు ఎర్రగా కణకణలాడినప్పుడు తెచ్చి క్యాబిన్‌లో రెండు సీట్ల మధ్య పెట్టుకోవాలి. పొగ పోయిందంటే ఇక భయం లేదు. దుప్పటి అంచు మాత్రం తగలకుండా చూసుకో. తలుపు గట్టిగా వేసుకుంటే వేడి తెల్లారేదాకా ఉంటుంది. మా చెక్క క్యాబిన్‌లో సగం రాత్రికే వేడి సందుల్లోంచి పోయేది. ఈ విషయంలో మాత్రం నీ డబ్బానే నయం రేణుకా, ఒప్పుకుంటున్నాను.

ఈ మాట అడిగినందుకు అల్లుడిని నా దగ్గరుంటే ముద్దు పెట్టుకునేవాడిని.

పెద్దబాపు


స్టేషన్ ఘన్‌పూర్
9 డిసెంబర్ 2024

పెద్దబాపుకు,

సిగిడి అందింది. ఐలేశ్ దాన్ని తుడిచి తుడిచి పెట్టుకున్నాడు. నన్ను ఏ రోజూ అంత ముద్దుగా చూసుకోలేదు. శివాజీ చూసి "మామ నాకు సుత ఒకటి చేయకపాయె" అని మూతి ముడిచాడు. అతని దగ్గర పాత డబ్బాతో చేసింది ఉందిలే.

క్రిస్మస్ పండుగకు ఇంట్లోనే ఉంటాడు. జనవరి మొదటి వారంలో శివాజీ, ఈయన కలిసి ఢిల్లీకి లోడు తీసుకుపోతారు. ఈసారి నాకు గుబులు లేదు. పరుపు ఉంది, తలుపు ఉంది, నీ నిప్పు ఉంది. పూజకు ఉన్ని టోపీ తెస్తానన్నాడు.

రేణుక


స్టేషన్ ఘన్‌పూర్
24 జనవరి 2025

పెద్దబాపుకు,

ఐలేశ్ సమాధి దగ్గర నువ్వు నా భుజం పట్టుకుని పదే పదే ఏదో అడిగావు. చెప్పినా నీకు వినపడేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఏడో తారీఖు, గ్వాలియర్ దగ్గర మంచు పట్టి బండ్లన్నీ దాబా ముందు ఆగిపోయాయి. తిని పడుకున్నాడు. నిద్రలో గుండె ఆగిపోయింది. తెల్లారి శివాజీ తలుపు కొడితే లేవలేదు. నొప్పి తెలియలేదని డాక్టరు చెప్పాడట.

ముప్పై నాలుగేండ్లు. ఇంకేమీ రాయలేను. నువ్వు వేళకు తిను.

రేణుక


భూపాలపల్లి
30 జనవరి 2025

రేణుకా,

మూడు రోజులుగా రాసి చింపుతున్నాను. మీ పెద్దమ్మ రాయొద్దని చేతులు పట్టుకుంది. కడుపులో పెట్టుకుంటే నేను బతకను.

ముప్పై నాలుగేండ్ల మనిషికి గుండె ఎందుకు ఆగుతుంది? నేను చెవిటివాడినే గానీ గుడ్డివాడిని కాదు. సమాధి దగ్గర శివాజీని సైగలతో అడిగాను, సిగిడి పెట్టుకున్నారా అని. తల ఊపాడు. నీ బండిలో కూడానా అంటే, మళ్లీ తల ఊపాడు. అవే బొగ్గులు పెట్టుకున్న శివాజీ లేచాడు, అల్లుడు లేవలేదు. ఇద్దరికీ తేడా ఒక్కటే. శివాజీది చెక్క క్యాబిన్. ఆ ఏసీలో ఏదో గ్యాసు ఉంటుందని ఇక్కడ మెకానిక్ రాసి చూపించాడు. అదే చంపింది.

నేను చెప్పాను. చెక్కది కొనమని చెప్పాను. చున్నీతో కొలిచి, పరుపు చూసి, నా మాట కాలదన్నావు. పెద్దవాడి మాట విని ఉంటే ఇవాళ పూజకు నాయిన ఉండేవాడు. ఈ మాట రాయకూడదని తెలుసు. అయినా రాస్తున్నాను.

అజయ్ అయిదో తారీఖున పంజాబ్ పోతున్నాడు. ఓనరు వాడికీ అట్లాంటి కొత్త డబ్బానే ఇచ్చాడు. వద్దంటే వినడు. ఏసీ వైరు పీకేయమన్నాను, పీకేశాడు. చలికి ఇబ్బంది పడకుండా వాడికి కూడా ఒక సిగిడి చేసి ఇచ్చాను. అద్దాలు బిగించుకుని పడుకోమన్నాను.

పౌలు


స్టేషన్ ఘన్‌పూర్
4 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం

పెద్దబాపూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అజయ్‌కు చేస్తే ఫోన్ కలవడం లేదు, పెద్దమ్మ ఫోన్ కూడా ఎవరూ ఎత్తడం లేదు. అందుకే శివాజీని మోటార్ సైకిల్ మీద పంపిస్తున్నాను. ముందు ఈ ఒక్క ముక్క చదివి, కాగితం కింద పెట్టి, అజయ్‌ను ఆపు. సిగిడి క్యాబిన్‌లో పెట్టొద్దు. ఆపిన తర్వాత మిగతాది చదువు.

నేను నీకు అబద్ధం రాశాను. గుండె కాదు. అక్కడి డాక్టరు కోసి చూసి చెప్పాడు. మూసిన చోట బొగ్గులు కణకణలాడితే విషగాలి వస్తుందట. దానికి వాసన ఉండదు, పొగ ఉండదు. పొగ పోయాకే ఇంకా మోసం, ఎందుకంటే మనిషి భయం లేదనుకుంటాడు. నిద్రలోనే తీసుకుపోతుంది.

శివాజీ నాతో చెప్పిన మాట చెప్పినట్టే రాస్తున్నాను. "అక్కా, ఇద్దరం ఒక్కకాడనే రాజేసినం. పొగంత పోయినంక సగం ఆయన తీసుకపోయిండు, సగం నేను తీసుకపోయిన. పొద్దుగాల నాకు తలకాయ నొచ్చింది, గంతే. ఆయన అద్దాలకు లోపటి నుంచి నీళ్లు పట్టినయి. ఎంత కొట్టిన పలుకలే. అద్దం పలగ్గొట్టి తలుపు తీసిన." శివాజీని కాపాడింది ఆ సందులే. నువ్వు చెప్పింది నిజం, చెక్క క్యాబిన్ అయితే ఆయన బతికేవాడు.

నీ సిగిడి ఒక్కటే అయితే బతికేవాడు. నా తలుపు ఒక్కటే అయినా బతికేవాడు. రెండూ కలిశాయి. ఏసీది ఏ పాపమూ లేదు.

నీకు తెలిస్తే తట్టుకోలేవని దాచాను. పెద్దమ్మకు కూడా చెప్పలేదు. శివాజీ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆ జాలి ఇంకో రెండు రోజులు సాగితే అజయ్‌ను కూడా చంపేది. నీ మీద కోపం లేదని రాయను పెద్దబాపు. ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

రేణుక


భూపాలపల్లి
7 ఫిబ్రవరి 2025

బిడ్డా,

శివాజీ వచ్చేసరికి అజయ్ వెళ్లిపోయాడు. లోడు ముందే దొరికిందని ఒకరోజు ముందు బయలుదేరాడు. పెద్దమ్మ పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఆమె పెదాల వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి సిరోంచ దాటాక ఎత్తాడు. బొగ్గులు రోడ్డు పక్కన పారేశాడు. నిన్న చంద్రపూర్ నుంచి మాట్లాడాడు, బాగున్నాడట.

తర్వాత కూర్చుని నీ ఉత్తరం మిగతాది చదివాను. పెద్దమ్మ ఏమి రాసిందని అడిగింది. నేనే చెప్పాను. ఆమె అప్పటినుంచి నా మొహం చూడకుండా పళ్లెం పెట్టి వెళ్లిపోతోంది.

పొగ పోతే భయం లేదని మా నాయిన నాకు చెప్పాడు, నేను అల్లుడికి చెప్పాను. ఎవరూ తప్పని చెప్పలేదు, ఎందుకంటే మా ఇండ్లన్నీ పెంకుటిండ్లు, మా బండ్లన్నీ చెక్కవి. నీకు రాసిన మాటలు నాలుక మీంచి వచ్చినవైతే మాసిపోయేవి. కాగితం మీద పెట్టాను. వాటిని చింపెయ్ బిడ్డా.

ఇన్నేండ్లలో ఎంతమందికి సిగిడి చేసి ఇచ్చానో గుర్తు చేసుకున్నాను. పదకొండు మంది. నలుగురు ఇప్పుడు కంపెనీ క్యాబిన్లు తోలుతున్నారు. రోజూ లారీ అడ్డాకు పోయి నీ ఉత్తరం చూపిస్తున్నాను. కొందరు చదువుతున్నారు. కొందరు నవ్వుతున్నారు. నిన్న ఒకడు కాగితం వెనక రాసి చూపించాడు, "గిన్ని చలికాలాలు ఏం గాలె, గిప్పుడెందుకైతది" అని. నీ పేరు, అల్లుడి పేరు ఉన్న కాగితం అందరికీ చూపించడం తప్పేమో. నువ్వు వద్దంటే ఆపేస్తాను.

పూజను ఒక్కసారి చూడాలని ఉంది. రమ్మంటావా?

పౌలు


స్టేషన్ ఘన్‌పూర్
20 ఫిబ్రవరి 2025

పెద్దబాపుకు,

చూపించు. పేర్లు దాచకు. ఆయన పేరు, నీ పేరు, నా పేరు అన్నీ ఉండనీ. ఎవరో తెలియనివాళ్ల కథ అయితే తీసిపారేస్తారు. నీ ఉత్తరాలు చింపలేదు, చింపను కూడా. అందులో నువ్వు రాసిన సగం నిజమే.

బండి ఇంకా అమ్మలేదు. శివాజీ పగిలిన అద్దం వేయించి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. నిన్న జనగామ నుంచి ఒకతను చూడ్డానికి వచ్చాడు. పరుపు బాగుంది, తలుపు గట్టిగా ఉంది అన్నాడు. అతన్ని గంటసేపు కూర్చోబెట్టి అంతా చెప్పాను. మళ్లీ రాలేదు. వచ్చేవాళ్లందరికీ అదే చెప్తాను.

నువ్వు ఇప్పుడే రావద్దు. నిన్ను చూస్తే తట్టుకోగలనో లేదో నాకు తెలియదు. అబద్ధం రాయడం మానేశాను కాబట్టి ఉన్నది రాస్తున్నాను. ఎప్పుడు రమ్మంటానో కూడా తెలియదు.

ఉత్తరాలు మాత్రం ఆపకు. ఆ నలుగురిలో ఎవరు విన్నారో రాయి. ఎవరూ వినని రోజు కూడా రాయి, మర్నాడు మళ్లీ అడ్డాకు పోయానని రాయి.

నీ బిడ్డ
రేణుక